ఏడుపుకు రేటు

మా అమ్మాయి పుట్టగానే ఏడవలేదు. ఏడవడానికి పట్టిన ఆ కాస్త ఆలస్యమే దాని కాళ్లను బిగదీసిందని డాక్టర్లు తర్వాత చెప్పారు. నా వృత్తేమో ఏడవడం. సినిమాలకు డబ్బింగ్ చెప్పేదాన్ని. హీరోయిన్ గొంతు నాకెప్పుడూ దక్కలేదు. హీరో చెల్లెలు, పసుపు కుంకుమలు పోయిన వదిన, కొడుకును పోగొట్టుకున్న తల్లి, వీళ్లంతా నా వాటా. తెరమీద ఎవరో కొంగు నోట్లో కుక్కుకుంటే మైకు ముందు నేను వెక్కేదాన్ని. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు సామాను సర్దుకుంటున్న రోజుల్లో మేమూ దాని వెనకాలే వచ్చి యూసుఫ్‌గూడలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మావారు ఒక ప్రైవేటు ఆఫీసులో టైపిస్టు.

అమ్మాయికి అప్పుడు ఐదో ఏడు. కూర్చోబెడితే కూర్చునేది. గోడ పట్టిస్తే మునివేళ్ల మీద నిలబడేది గాని మడమ నేలకు ఆనేది కాదు. వెంగళరావు నగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో ఫిజియోథెరపీ సెంటర్ ఉండేది. దాన్ని నడిపే డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. వారానికి మూడుసార్లు, మానకుండా ఏడాదిపాటు తీసుకొస్తే ఏదో ఒకటి పట్టుకుని నడుస్తుందనీ, మానుతూ వస్తే మాత్రం కండరాలు బిగుసుకుపోయి ఆపరేషన్ దాకా పోతుందనీ మొదటిరోజే చెప్పేసింది. ఫీజు, ఇనప పట్టీల బూట్లు, ఆటో ఖర్చు అన్నీ కలిపితే, అద్దె పోగా మావారి జీతంలో మిగిలేది దేనికీ చాలేది కాదు. నాకు డబ్బింగ్ ఉన్న నెలలో వారానికి మూడుసార్లు వెళ్లేవాళ్లం, లేని నెలలో ఒక్కసారి. దాని మడమకు మా సంపాదనతో పనేముంది, ఎత్తుగా లేచిపోతూనే ఉంది.

సిగ్గు పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టాను. మా డబ్బింగ్ కళాకారుల సంఘంలో సహాయనిధి ఉంది గాని అది సభ్యుల జబ్బులకేనట, సభ్యుల పిల్లలకు కాదట. ఒక సేవా సంస్థ వాళ్లు సభ పెట్టి వేదిక మీద చక్రాల కుర్చీ ఇస్తామన్నారు. పిల్లను నడిపిద్దామని చూస్తుంటే కుర్చీ ఎందుకండీ, ఆ డబ్బేదో సెంటర్లో కట్టండి అంటే నొచ్చుకున్నారు. ఇంకొకరు కుట్టుమిషన్ ఇస్తామన్నారు. కష్టంలో ఉన్న ఆడది కనబడితే కుట్టుమిషన్ ఇవ్వాలని వీళ్లకు ఎవరు నేర్పారో! సినిమాల్లోనూ అదే, బయటా అదే. ఫొటోలో పడే వస్తువైతే అందరూ ఇస్తారని నాకు తేలిపోయింది. పిల్ల కాలు పట్టుకుని రోజూ సాగదీసే పని ఫొటోలో ఏం పడుతుంది?

చివరికి ఒక నిర్మాత దగ్గరికి వెళ్లాను. ఆయన సినిమాలు కొన్నింటికి గొంతిచ్చి ఉన్నాను. ఫిల్మ్ నగర్‌లో కొత్తగా కట్టిన ఆఫీసు, గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, చెడ్డవారు కాదు. శకునాల పిచ్చి మాత్రం తలకెక్కింది. కారు దిగేటప్పుడు ఎడమకాలు ముందు పడిందని మళ్లీ కారెక్కి దిగడం నేను కళ్లారా చూశాను. ఆయనకు అమ్మాయి సంగతి, సెంటర్ సంగతి, డాక్టరమ్మ చెప్పిన మాట, ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని ఆయన నిరాశపడ్డట్టు కనిపించారు.

“మీరు ఏడిస్తే హాలంతా ఏడుస్తుందమ్మా. ఇక్కడేంటి, సరుకుల చీటీ చదివినట్టు చెబుతున్నారు?”

“ఏడవడానికి రేటు వేరండీ” అన్నాను.

పక్కన నిలబడ్డ ప్రొడక్షన్ మేనేజరు నీళ్లు నమిలాడు. నిర్మాత మాత్రం పకపకా నవ్వారు. కొత్త సినిమా ముహూర్తం దగ్గర్లోనే ఉందనీ, ఆ రోజు స్టూడియోలో కనబడితే ఏదో ఒకటి చూద్దామనీ అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి, చాలారోజుల తర్వాత ఆకలేసి అన్నం తిన్నాను.

ముహూర్తం రోజు అమ్మాయిని చూసుకునేందుకు ఎవరూ కుదరలేదు. ఇల్లు అద్దెకిచ్చిన మా ఇంటావిడ ఊరెళ్లింది. దాన్ని చంకనేసుకుని, ఇనప పట్టీలు తొడకు గుచ్చుకుంటుంటే స్టూడియో ఉన్న కొండ ఎక్కాను. స్టూడియోలో దేవుడి పటాల ముందు కెమెరా పెట్టారు, పూలదండలు, అగరొత్తులు, పెద్ద పెద్ద కార్లు. తొలి షాట్ దేవుడి పటాల మీదే తీస్తారు. జనం మధ్యలో నిలబడ్డ నన్ను మేనేజరు వెతుక్కుంటూ వచ్చాడు. అతని చూపు నా మొహం మీద లేదు, పిల్ల బూట్ల మీద ఉంది.

“ఏమీ అనుకోకండమ్మా. సార్‌కి సెంటిమెంట్లని మీకు తెలుసుగా. కొబ్బరికాయ కొట్టేదాకా పాపను ఆ వ్యాను వెనక కూర్చోబెట్టండి.”

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడే ఎదుటివాళ్లను కడిగేసే వదిన పాత్రలు నేనెన్ని చెప్పలేదు! ఒక్క డైలాగూ గుర్తు రాలేదు. ఇక్కడే నిలబడతానని మాత్రం చెప్పి, ఇంకో అడుగు ముందుకేసి, కెమెరా పక్కనే నిలబడ్డాను. అందరి ముందూ గొడవెందుకని అతను ఊరుకున్నాడు. ఎవరో పెద్దమనిషి క్లాప్ కొట్టాడు. మా అమ్మాయి గట్టి చప్పుడు వింటే ఉలిక్కిపడుతుంది. అలాగే ఉలిక్కిపడి, మరుక్షణం ఆ చప్పుడు నచ్చి, అంతా నిశ్శబ్దంగా ఉన్నచోట కిలకిలా నవ్వింది. జనం తలలు తిప్పి చూశారు. నిర్మాత మొహం పాలిపోయింది. ఆ తర్వాత ఆయన నన్ను చూడలేదు, ఏదో ఒకటి చూద్దామన్న మాట ఎత్తలేదు.

వ్యాను వెనక ఐదు నిమిషాలు కూర్చుంటే మన సొమ్మేం పోయేదని మావారు అడిగారు. కోపంగా కాదు, అలసిపోయి అడిగారు. నా దగ్గర సమాధానం ఉంది గాని సెంటర్‌కు కట్టడానికి డబ్బు లేదు. ఆ నెలలన్నీ ఇంట్లో నేనే దాని కాళ్లు సాగదీశాను. అది ఏడ్చేది, నేను లెక్కపెట్టేదాన్ని. వానాకాలం వచ్చేలోగా క్రమంగా తీసుకురాకపోతే ఇక సర్జన్ దగ్గరికే పంపుతానని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంతలో ఆ సినిమా విడుదలై వందరోజులు ఆడింది. 

ఒక ఉదయం మా సందులోకి కారొచ్చింది. సందుకు కారు ఎక్కువైంది, అద్దం గోడకు రాసుకుంది. మేనేజరు స్వీటు డబ్బా పట్టుకుని దిగాడు. నిర్మాత కొత్త సినిమా మొదలుపెడుతున్నారట. పాప నవ్విన సినిమా ఆడింది కాబట్టి ఈసారి ముహూర్తానికీ పాప ఉండాలట, క్లాప్ కొట్టగానే నవ్వాలట. కారు పంపిస్తారట, కొత్త గౌను కుట్టిస్తారట. మా ఇంటావిడ వాకిట్లో బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

“ఏందమ్మా, గప్పుడు పిల్లను దాయమన్నోళ్లే గిప్పుడు కారేసుకొని వచ్చిండ్రా?” అంది, అతనికి వినబడేలాగే.

డబ్బా అతని మొహాన కొట్టాలనిపించింది. అప్పుడు అది అపశకునం, ఇప్పుడు శకునం. ఎప్పుడూ అది ఒక పిల్ల మాత్రం కాలేదు. కానీ చాపమీద కూర్చున్న దాని మడమలు చూశాను. నా పౌరుషం దాని మడమను నేలకు దించదు. చెప్పులేసుకుని, నిర్మాతతో నేనే మాట్లాడతానని అదే కారెక్కాను.

ఈసారీ సరుకుల చీటీ చదివినట్టే చెప్పాను. ఏడాది థెరపీ ఫీజు, బూట్లు, ఆటో ఖర్చు ముహూర్తానికి ముందే కట్టాలి. నా చేతికి వద్దు, సెంటర్లో కట్టాలి. నవ్వుతుందని నేను హామీ ఇవ్వను. సినిమా ఆడినా, ఆడకపోయినా ఆ డబ్బు వెనక్కి అడగకూడదు.

“ముహూర్తం ముందు ఆడకపోవడం గురించి మాట్లాడకండమ్మా” అని ఆయన చెవులు మూసుకున్నంత పని చేశారు.

బేరం ఆడలేదు. శకునం దగ్గర బేరమాడితే శకునం చెడుతుందని ఆయన నమ్మకం. అది నాకు తెలిసే వెళ్లాను. ఆ సాయంత్రమే మేనేజరు వెంగళరావు నగర్ వెళ్లి ఏడాదికీ కట్టేసి రసీదు తెచ్చిచ్చాడు. తీసుకుంటున్నప్పుడు నాకు సిగ్గూ వేయలేదు, కృతజ్ఞతా కలగలేదు. ఒక్కటే అనిపించింది, వానలు ఇంకా రాలేదని.

ముహూర్తం రోజు మా అమ్మాయికి కొత్త గౌను, ముందు వరుసలో కుర్చీ. వచ్చినవాళ్లంతా దాని బుగ్గ పుణికి వెళ్తున్నారు. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. ఈ హడావుడికి అలసిపోయి అది నా భుజం మీద నిద్రపోయింది. క్లాప్ చప్పుడుకు కూడా లేవలేదు. కాస్త చక్కిలిగింత పెట్టండమ్మా అని మేనేజరు చెవిలో బతిమాలాడు. పెట్టలేదు. ఆ సినిమా రెండు వారాలు కూడా ఆడలేదు. మా సందులోకి కారు మళ్లీ రాలేదు, ఆ ఆఫీసు నుంచి నాకు డబ్బింగ్ పిలుపులూ ఆగిపోయాయి. వేరేచోట్ల చెప్పుకున్నాను. వారానికి మూడుసార్లు మాత్రం, జ్వరమొచ్చినా, బంద్‌లొచ్చినా, వెంగళరావు నగర్ వెళ్లడం మానలేదు.

మరుసటి ఏడు ఒకరోజు స్టూడియోలో నాకు డబ్బింగ్ ఉంటే అమ్మాయినీ తీసుకెళ్లాను. అప్పటికి అది చేతికర్రలతో నడుస్తోంది. వరండా ఇరుకు. ఎదురుగా ఆ నిర్మాత, వెనక మేనేజరు, ఏదో కొత్త సినిమా పనిమీద వస్తున్నారు. మమ్మల్ని చూసి ఆయన ఆగిపోయారు. మేనేజరు చప్పున ముందుకొచ్చి, పాపను కాస్త పక్కకు తియ్యండమ్మా అన్నాడు.

“తియ్యను. అదే నడుస్తుంది” అన్నాను.

అది వాళ్ల వైపు చూడనే లేదు. కుడికర్ర, ఎడమకాలు, ఎడమకర్ర, కుడికాలు, డాక్టరమ్మ నేర్పినట్టే, వరండా మధ్యలోంచి, మడమ నేలకు ఆనించి మరీ నడిచింది. ఇద్దరికి చోటు లేదు. ఎవరో ఒకరు తప్పుకోవాలి. నిర్మాత గోడకు ఆనుకుని నిలబడి, అది దాటేదాకా అలాగే ఉన్నారు. దాని మడమలనే చూస్తున్నారు.

“నడుస్తోందే” అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

మీరు కట్టిన ఫీజేనండీ అందామని నోరు తెరిచాను. అన్నేళ్లుగా మైకు ముందు కావలసినప్పుడు వచ్చి, ఆగమన్నప్పుడు ఆగిన ఏడుపు, ఆ వరండాలో చెప్పకుండా వచ్చేసింది. ఆపడం నా వల్ల కాలేదు. దానికి మాత్రం నేను రేటు అడగలేదు.