చీటీ లేని రాయి

పదకొండేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నేనొక మంచి మనిషిని అబద్ధంతో ముంచాను. ఆయన పోయారని పోయిన నెలలో కార్డు వచ్చింది. బతికుండగా ఒక్కసారి కూడా నాకు నోరు పెగలలేదు. ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరిస్తాను? అయినా చెబుతాను.

ఆంధ్రా, తెలంగాణా ఒకే రాష్ట్రంగా కలిసిన మరుసటేడు, రాళ్లనూ నేలనూ పరిశీలించే ఒక ఆఫీసులో నాకు చిన్న నౌకరి దొరికింది. మాది సుల్తానాబాద్ దగ్గర నేతవాళ్ల ఇల్లు. మగ్గం ముందు నుంచి లేచి ఆఫీసు మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. ఆ సంబరంలో ఒక ఇంకు పెన్ను కొనుక్కుని జేబుకు తగిలించుకు తిరిగేవాణ్ణి. అంతా ఆ పెన్నుతోనే మొదలైంది. కాదు. నాతోనే మొదలైంది.

మా సార్ కోస్తా నుంచి వచ్చినవారు. ఖానాపూర్ అవతల అడవిలో, గుట్టలు పళ్లెం అంచులా గుండ్రంగా నిలబడ్డ చోటొకటి ఉంది. మనిషి పుట్టక ముందెప్పుడో అక్కడ తోకచుక్క పడిందని సార్ నమ్మకం. అదేం కాదు, పాత అగ్నిపర్వతమని పైవాళ్ల వాదన. "పడిన దెబ్బకు రాళ్లలో చీపురు పుల్లల్లాంటి గీతలు ఏర్పడతాయి. నడిమధ్య ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. అదొక్కటి చూపిస్తే చాలు" అనేవారు. కానీ చూపించడానికి ఎక్కువ కాలం లేదు. వానలు మొదలైతే కొత్త ప్రాజెక్టు నీళ్లు అక్కడికి వచ్చేస్తాయి. ఇక ఆ రాళ్లను ఎవరూ చూడలేరు.

సరిగ్గా అప్పుడే సార్‌కు చలిజ్వరం పట్టుకుంది. మంచం దిగలేక నన్ను పంపారు. నడిమధ్య నుంచి అంచు దాకా ఆయన గుర్తు పెట్టిన ఇరవై చోట్ల రాళ్లు కొట్టి, ఒక్కో సంచిలో అది ఎక్కడిదో చీటీ రాసి వేసి తేవాలి. "పెన్సిలుతోనే రాయి" అని మరీ మరీ చెప్పారు. తన పెన్సిలు ఇచ్చారు కూడా. నేను పెన్నుతో రాశాను. ఎందుకు? ఆ అడవిలో నా పెన్ను చూసేదెవరు? బండి తోలే లచ్చన్న ఒక్కడే. అతను చూడాలనే రాశానేమో.

తిరుగు దారిలో వాగు దాటుతుంటే బండి చక్రం బండల మధ్య ఇరుక్కుని ఒరిగింది. సంచులన్నీ నీళ్లలో పడ్డాయి. ఒడ్డుకు చేర్చి చూస్తే కొన్ని చిరిగి రాళ్లు కలిసిపోయాయి. చీటీల మీద నీలి మరకలు తప్ప ఏమీ మిగల్లేదు.

లచ్చన్న నా ముఖం చూసి దగ్గరికొచ్చాడు. "పరేషాన్ గాకుండ్రి సారూ. ఎత్తింది నేనే గద, ఏ రాయి ఏడిదో నాకెర్కే. గిది నడిమి గుంటలది" అంటూ గీతలున్న రాయి ఒకటి తీసి చేతికిచ్చాడు. ఎంత స్పష్టమైన గీతలో! సార్ చూస్తే జ్వరం మర్చిపోయి లేచి కూర్చునేవారు.

లచ్చన్న ఎద్దు అడుగు చూసి అది ఎవరి ఎద్దో చెప్పగలిగిన మనిషి. నిజమే చెప్పి ఉంటాడు. కానీ అతను చెబుతుంటే నేను రాసుకోవడమా? రేపు సార్ ముందు ఆ మాట అనేస్తే నా పరువేం కావాలి? "నీకేమెర్క, పోయి ఎద్దుల జూడు పో" అని కసిరాను. అతను ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను తోచినట్టు రాళ్లు సర్ది, ఇరవై కొత్త చీటీలు రాశాను. ఈసారి పెన్సిలుతో. అతనిచ్చిన రాయిని మాత్రం ఏ సంచిలోనూ వేయలేకపోయాను. నడిమి సంచిలో వేస్తే అతని మాట ఒప్పుకున్నట్టు. ఇంకో దాంట్లో వేస్తే తెలిసి తెలిసీ తప్పు చేసినట్టు. దాన్ని నా పెట్టె అడుగున దాచాను.

నెల తర్వాత సార్ నన్ను పిలిచారు. బల్ల మీద రాళ్లన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన జ్వరానికి సగమైపోయారు.

"ఏమయ్యా, గీతలున్నవి అంచున తేలాయి, మధ్యలో ఏమీ లేదు. సంచులు ఎక్కడైనా తారుమారయ్యాయా?"

"కాలే సార్."

"భయపడకు. నీళ్లు రావడానికి ఇంకా పది రోజులుంది. పొరపాటైతే మళ్లీ వెళ్దాం, ఈసారి నేనూ వస్తాను."

"చీటీలన్నీ నేనే రాసిన సార్. పక్కా."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "అయితే నేనే పొరబడ్డాను" అన్నారు.

నౌకరి ఇంకా ఖాయం కాలేదు, అందుకే భయపడ్డానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఒక బండివాడికి తెలిసింది నాకు తెలియదని చెప్పడం నా వల్ల కాలేదు. మా బాపు ఒక్క పోగు తప్పితే జానెడు గుడ్డ విప్పి మళ్లీ నేసేవాడు. ఆ ఇంట్లో పెరిగి నేను నేర్చుకున్నదేమిటి?

సార్ తన మాట వెనక్కి తీసుకుంటూ రిపోర్టు రాశారు. చివర, ఎండల్లో ఎంతో జాగ్రత్తగా రాళ్లు సేకరించి తెచ్చినందుకు నా పేరు రాసి కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు అచ్చులో పడింది అదొక్కసారే. బాపు ఆ కాగితం పట్టుకుని వాడకట్టంతా తిరిగి చూపించాడు. ఆఫీసులో మాత్రం ఆయనకు 'తోకచుక్క సార్' అని పేరు పెట్టారు. ఒకనాడు వెనక నుంచి ఎవరో అలా అంటే, అందరితో పాటు నేనూ నవ్వాను. ఆయన వెనుదిరిగి చూశారు. నన్నే చూశారు. ఆ తర్వాత ఆయన రాళ్లు కొట్టే సుత్తె పట్టుకోవడం నేను చూడలేదు.

ఆ మరుసటేడు నిర్మల్ అంగడిలో లచ్చన్న కనబడ్డాడు. "సారూ, మన రాళ్ల సంగతేమాయె?" అని ఆశగా అడిగాడు. ఏమీ లేదన్నారని చెప్పాను. "ఏం లేదా? మరి గా గీతలు?" అన్నాడు. బస్సుకు టైమైందని నడిచాను. బస్సు ఇంకో గంటకు గానీ లేదు.

ఇప్పుడక్కడ నీళ్లు. చేపలు పడుతున్నారట. సార్ చెప్పింది నిజమో కాదో చూడటానికి ఇక ఎవరూ వెళ్లలేరు. ఆయన తనదే తప్పని నమ్ముతూనే పోయారు. క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేరు, మీరు క్షమించినా అది నాకు చెందదు.

ఇందాక పెట్టె అడుగు నుంచి రాయి తీశాను. గీతలు అలాగే ఉన్నాయి. ఒక కాగితం చించి, పెన్సిలుతో చీటీ రాసి రాయి కింద పెట్టాను. "ఇది నడిమి గుంటది. లచ్చన్న చెప్పాడు. మిగతావి ఎక్కడివో నాకు తెలియదు. తెలుసని సార్‌తో అబద్ధం చెప్పాను."