గుంజ, బావమరిది, పెద్ద అద్దం

అద్దాల కొట్టులో అతన్ని అందరూ గుంజ అనేవాళ్ళు. ఆ పేరు వింటే అతనికి కోపం రాకపోగా ఛాతీ ఇంకాస్త ముందుకొచ్చేది. కిటికీలకీ దుకాణాలకీ పెద్ద పెద్ద అద్దాలు బిగించే పని వాళ్ళది. ఇద్దరు కలిసి అద్దాన్ని నేల మీంచి లేపి చట్రానికి ఆనిస్తారు. ఆ తర్వాత ఒకడు దాన్ని రెండు చేతులతో అదిమి కదలకుండా నిలబడితే, రెండోవాడు చుట్టూ పట్టీలు బిగిస్తాడు. నిలబడేవాడు గుంజ. బిగించేవాడు అతని బావమరిది, భార్యకి స్వయానా తమ్ముడు.

ఆ బావమరిది ఈ మధ్య పొద్దున్నే జిమ్‌కి పోవడం మొదలెట్టాడు. దాంతో గుంజకి అనుమానం పట్టుకుంది. అసలే మనవాడు ఇంట్లో ఉప్పు డబ్బా జరిగినా ఎవరు జరిపారని ఆరా తీసే రకం. పెళ్ళాం పిల్లలున్నవాడికి ఈ వయసులో కండలెందుకు? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏం లేదు బావా, బరువులు ఎత్తి దించుతున్నా. నువ్వూ రాకూడదూ?"

"పొద్దస్తమానం అద్దం పట్టుకుని నిలబడేవాణ్ణి, నాకెందుకురా జిమ్ము? ఇది కండ కాదా?" గుంజ చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు.

"కండ ఉంది, కాదనట్లేదు. కానీ చెయ్యి ఎక్కడ ఆపి పట్టుకుంటామో బలం ఎక్కువగా అక్కడే వస్తుందట. కింద నుంచి పైదాకా ఎత్తితే అన్ని చోట్లా వస్తుంది. అందుకని..."

"అందుకని నేను చేసేది దండగ పని అంటావు."

"అయ్యో, నేనెప్పుడన్నాను?"

అనలేదు, నిజమే. అయితేనేం, గుంజకి మాత్రం వినిపించింది. ఇంటికొచ్చి నీళ్ళ బకెట్ అందుకుని, మోచెయ్యి మడిచి, వంటగది గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"నీళ్ళు తెమ్మంటే కాపలా కాస్తున్నావేంటి?" అంది భార్య.

"మీ తమ్ముడు నా చోటుకి ఎసరు పెడుతున్నాడు."

తమ్ముణ్ణి ఒక్క మాటన్నా ఊరుకోని మనిషి, ఈసారి నోరెత్తలేదు. గుంజ అనుమానం రెట్టింపైంది. మర్నాడు అక్కాతమ్ముళ్ళు వాకిట్లో చెవులు కొరుక్కుంటూ, ఇతన్ని చూడగానే చటుక్కున ఆపేశారు. ఇంకేం కావాలి!

పనిలో కూడా వాడి వాలకం తేడాగానే ఉంది. అద్దం లేపేటప్పుడు మధ్యదాకా జరిగి, గుంజ వైపుకి కూడా చెయ్యి చాపి, "నువ్వు ఊరికే ఆనించు బావా" అంటున్నాడు. యజమాని చూస్తున్నాడని ప్రతాపం చూపిస్తున్నాడు వెధవ, అనుకున్నాడు గుంజ. ఇక ఆగలేక, వాడు నన్ను తోసేసేలోపు నేనే వాణ్ణి వదిలించుకుంటానని యజమాని దగ్గరికి పోయి ఒక పుల్ల పెట్టాడు.

"మా బావమరిది జిమ్‌లో ఒళ్ళు హూనం చేసుకుని వస్తున్నాడండీ. ఏదో ఒకరోజు అద్దం వదిలేస్తాడు. నాకు వేరే జోడీ ఇప్పించండి."

యజమాని "సరే, నీ ఇష్టం" అన్నాడు. కొట్టులో అద్దాల అంచులు అరగదీసే మనిషిని జోడీగా ఇచ్చాడు.

కొత్త జోడీతో మొదటి అద్దం ఒక మందుల షాపుకి. "ఊఁ" అనుకుని ఇద్దరూ లేపారు. అవతలి వైపు లేచింది. గుంజ వైపు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. ఛాతీ దగ్గర గంటలు నిలబెట్టగల చేతులు, ఆ కింద గజగజ వణికాయి. అద్దం ఒరిగిపోతుంటే అరగదీసేవాడు తొడ అడ్డం పెట్టి ఎలాగో కింద పరిచిన చెక్క మీదికి దించాడు.

"నీ వైపు లేవట్లేదేంటి పెద్దాయనా? ఇన్నాళ్ళూ ఎవరు లేపేవాళ్ళు?"

అతను ఏ కుళ్ళూ లేకుండానే అడిగాడు. గుంజకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళి భార్యని నిలదీశాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. నీ వైపు బరువూ వాడే లాగి నడుం పట్టేయించుకున్నాడు. ఎత్తే బలం కావాలనే జిమ్‌లో చేరాడు. కొట్టులో తెలిస్తే నిన్ను మానిపిస్తారని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

గుంజ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూట అన్నం సహించలేదు.

తెల్లారాక జిమ్‌కి వెళ్ళాడు. బావమరిది ఏమీ అడగకుండా చిన్న బరువొకటి చేతికిచ్చాడు. గుంజ అలవాటు కొద్దీ దాన్ని సగంలో ఆపి బిగబట్టాడు.

"పూర్తిగా దించి, అక్కణ్ణించి లేపు బావా."

దించాడు. కష్టమ్మీద లేపాడు. "నేను యజమానికి నీ గురించి..."

"తెలుసు. ఆయన చెప్పాడు. మళ్ళీ మనిద్దర్నీ జోడీగా వెయ్యమని అడిగా. మందుల షాపు సంగతి ఆయనకి చేరిందట, నీ వైపు నువ్వే నేల మీంచి లేపేదాకా కుదరదన్నాడు."

గుంజ బరువుని కిందికి దించాడు. "నా చేతుల్లో పస తగ్గిందని ముందే ఒక్క మాట నాతో అనకపోయావా?"

"అంటే నమ్మేవాడివా బావా?"

బావమరిది గొంతులో కోపం లేదు. గుంజ దించిన బరువుని మళ్ళీ కింద నుంచి లేపడం మొదలెట్టాడు.