మజీదక్క మీటరు

గౌడవెల్లిలో మజీదక్క ఇల్లెక్కడని అడిగితే, "కొత్తిమీర సిరాజుద్దీన్ ఇల్లా?" అని ఎదురడుగుతారు. ఆమె భర్త సిరాజుద్దీన్ కౌలు భూమిలో కొత్తిమీర, పాలకూర పండించి మేడ్చల్ మార్కెట్‌కు వేస్తాడు కాబట్టి ఊరికి ఆయనే తెలుసు. ఆ ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన కూర్చుని ఆయన భార్య డ్రోన్లకు కేబుళ్లు చేస్తుందని, అవి కరీంనగర్ దాకా ఎగురుతున్నాయని పక్కింటివాళ్లకు కూడా సరిగా తెలియదు. "ఛార్జర్లు బాగుచేస్తది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆమెకు మాత్రం నవ్వొస్తుంది.

నా పేరు దేవేందర్. మాది శామీర్‌పేట. డ్రోన్ ఎగరేయడం నా పని. పెళ్లిళ్లు, ప్లాట్ల వెంచర్లు, బోనాల ఊరేగింపులు, ఏది పిలిస్తే దానికి పోతాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఈ కథలో నేను చేసిన వెధవపని ఒకటుంది. అది వచ్చినప్పుడు మీరు ఆశ్చర్యపోకూడదు.

మజీదక్క చేసే పనేమిటో ముందు చెప్తాను. డ్రోన్ గాలికి ఊగుతుంది. దాని కిందున్న కెమెరా ఊగకూడదు. మూడు చిన్న మోటార్లతో కెమెరాను నిలకడగా పట్టుకునే పరికరాన్ని గింబల్ అంటారు. డ్రోన్ ఒక కంపెనీది, గింబల్ ఇంకో కంపెనీది అయితే దీని ప్లగ్గు దానికి పట్టదు. ఒకవేళ పట్టినా లోపల వైర్ల వరస వేరుగా ఉంటుంది. అందుకని ఇటు డ్రోన్‌కు, అటు గింబల్‌కు సరిపోయే జానెడు కేబుల్ ఒకటి మధ్యలో కావాలి. అందులో సన్నటి వైర్లు ఎనిమిది. ఒక్కటి తప్పు రంధ్రంలో పడిందంటే బ్యాటరీ కరెంటు నేరుగా గింబల్ బుర్రలోకి పోతుంది. టిక్కుమని చిన్న శబ్దం, కొంచెం కాలిన వాసన, అంతే. తర్వాత ఎవరేం చేసినా అది లేవదు.

ఈ చేతిపని ఆమెకు జీడిమెట్లలో వచ్చింది. ట్రాక్టర్లకు, జనరేటర్లకు వైర్ల కట్టలు చేసే ఒక కంపెనీలో పదిహేడేళ్లు పనిచేసింది. పొద్దున్నే సిరాజుద్దీన్ బండి మీద పెద్దరోడ్డు దాకా వచ్చి బస్సెక్కేది. ఆ కంపెనీలో ప్రతి కట్టకూ ఒక బొమ్మ గీసిన కాగితం ఇచ్చేవారు. కాగితం అడుగున రెండు గళ్లు. గీసినవారు అన్న గడిలో ఇంజనీరు పేరుండేది. చేసినవారు అన్న గడిలో పేరు ఉండదు, నంబరు వేయాలి. మజీదక్క నంబరు నూట పన్నెండు.

ఒకసారి కొత్త బొమ్మ వచ్చింది. చూడగానే ఆమెకు అనుమానం తగిలింది. ప్లగ్గుకు రెండు వైపులుంటాయి. ఇంకోదానిలో దూరే మూతి ఒకవైపు, వైర్లు ఎక్కే వీపు ఇంకోవైపు. పనిచేసేవాళ్లు వీపును తమవైపు తిప్పుకుని వైర్లు ఎక్కిస్తారు. గీసినవాడు మూతి వైపు నుంచి చూసి గీస్తే వరస మొత్తం తిరగబడుతుంది. మనకెదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి మనకు ఎడమవైపున ఉన్నట్టే. ఏ వైపు నుంచి గీశారో ఆ కాగితం మీద ఎక్కడా రాయలేదు. ఆమె పోయి సూపర్‌వైజర్‌ను అడిగింది. "నీ పని చేసుడు, ఆలోచన చేసుడు కాదు" అన్నాడు. ఆమె వెనక్కి వచ్చి మూడు వందల కట్టలు చేసింది. మూడు వందలూ ఉల్టా అయ్యాయి. విచారణలో కాగితం తీసి అడుగున చూశారు. నూట పన్నెండు అని కనిపించింది. వారం తిరక్కుండా ఆమెను ఇంటికి పంపేశారు.

ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. "నౌకరి పోయినందుకు గాదు తమ్మి. అనుమానమొచ్చినంక గూడ సప్పుడు జేయకుంట చేసిన సూడు, గది నాకు ఇప్పటికీ గుచ్చుతది."

ఇంటికొచ్చాక ఆమె తనకు తానే మూడు షరతులు పెట్టుకుంది. కేబుల్ చేయాలంటే రెండు దిక్కుల వస్తువులూ తన ఇంటికి రావాలి, ఉత్త బొమ్మ చూసి చేయదు. పిల్లను చూడకుండా పెళ్లి ఖాయం చేసినట్టుంటుందట. రెండోది, ప్రతి వైరులో కరెంటు దారి సరిగా ఉందో లేదో మీటరు పెట్టి చూస్తుంది. బీప్ అంటేనే ముందుకు. మూడోది, తప్పుగా వచ్చిన కేబుల్‌ను అక్కడికక్కడే రెండు ముక్కలు చేస్తుంది. ఎవరైనా పొరపాటున తీసుకుపోయి పెట్టుకుంటారని ఆమె భయం. మూడేళ్ల కిందట తెగిన కేబుల్ పట్టుకుని నేను మొదటిసారి పోయినప్పుడు ఈ షరతులు విని, ఈమెకు చాదస్తమనుకున్నాను. ఈ మూడేళ్లలో ఆమె చేసిన కేబుల్ ఒక్కటీ నన్ను మోసం చేయలేదు. నాకు తెలిసిన డ్రోన్‌వాళ్లందరినీ నేనే ఆ ఇంటికి పంపాను.

ఇక అసలు సంగతి. ముహూర్తాలు లేని నెలల్లో నా డ్రోన్ అటక మీదే ఉంటుంది, నేను ఇంట్లో చిరాకు పడుతూ ఉంటాను. అలాంటి రోజుల్లో ఒక సంస్థ నుంచి పిలుపు వచ్చింది. గోదాముల పైకప్పుల మీద సోలార్ పలకలుంటాయి కదా, వాటిలో ఏవి పాడై వేడెక్కుతున్నాయో పైనుంచి వేడిని చూసే కెమెరాతో వెతకాలి. ఏడాది పొడుగునా పని. ముందు గురువారం ఒకసారి ఎగరేసి చూపించాలి. కెమెరా, గింబల్ వాళ్లవి. డ్రోన్ నాది. రెండింటికీ ప్లగ్గు కలవదు. వాళ్ల ఇంజనీరు జైపాల్ గింబల్‌తో పాటు హెడ్డాఫీసు వాళ్లు గీసిన కేబుల్ బొమ్మ కూడా ఇచ్చాడు. "ఇదొక్కటే ఉంది మా దగ్గర. జాగ్రత్త" అన్నాడు. అది కాలితే ఏడాది పని కాదు కదా, ఆ గేటు దగ్గర నిలబడే ముఖం కూడా నాకుండదు.

సోమవారం డ్రోన్, గింబల్, బొమ్మ మూడూ మజీదక్క బల్ల మీద పెట్టి ఇంటికి పోయాను. మంగళవారం వచ్చేసరికి కేబుల్ తయారుగా ఉంది.

"తమ్మి, గీ బొమ్మ ఉల్టా ఉన్నది," అంది. "మూతి దిక్కు నుంచి గీసిండ్రు, ఆ మాట రాయలేదు. నేను మీటర్ పెట్టి సూసి సక్కగ చేసిన."

నేను ఆ బొమ్మ చేతిలోకి తీసుకున్నాను. "అక్కా, హెడ్డాఫీసు వాళ్లు గీసిన బొమ్మ గది. పెద్ద పెద్ద ఇంజనీర్లు."

"అయితే ఏంది? మీటర్‌కు ఇంజనీర్ ఎవ్వరో తెల్వది గదా."

"గురువారం జైపాల్ సార్ బొమ్మ పట్టుకొని నిలవడతడు. రంగులు కలవకపోతే నన్నేమంటడు?"

"నేను గూడ వస్త పా. మొదటిసారి తగిలిచ్చేటప్పుడు నేను ఉంటనే గదా."

నేను తలూపి, డ్రోన్, గింబల్, బొమ్మ తీసుకుని వచ్చేశాను. ఇప్పుడు చెప్తున్నాను నా వెధవపని. బుధవారం, ఆమె చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న పనితనంతోనే, ఆ బొమ్మ ప్రకారం ఇంకో కేబుల్ నేనే చేసి జేబులో వేసుకున్నాను. మీటరు నా ఇంట్లోనూ ఉంది. పెట్టి చూడలేదు. చూస్తే నిజం తెలుస్తుందని భయం. మూడేళ్లుగా నా డ్రోన్‌ను కాపాడిన మనిషి కంటే, పైన ముద్ర ఉన్న ఒక కాగితం నాకు ఎక్కువైపోయింది.

గురువారం పొద్దున శామీర్‌పేట దాటాక రోడ్డు వారనున్న ఒక గోదాము దగ్గర కలిశాం. ఎగరేయడానికి అనుమతి అక్కడికే దొరికింది. కొత్తిమీర దింపి వస్తూ సిరాజుద్దీన్ మజీదక్కను ఆటోలో తీసుకొచ్చాడు. ఆటో ఇంకా కొత్తిమీర వాసన కొడుతోంది. ఆమె భుజానికి సంచి, సంచిలో మీటరు, తను చేసిన కేబుల్.

జైపాల్ నలభై ఏళ్ల మనిషి, పద్ధతైనవాడు. ఆమె కేబుల్ చేతిలోకి తీసుకుని, ఫోనులో బొమ్మ తెరిచి, వైర్ల రంగులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ముఖం మారింది.

"ఆగండి. ఇది మొత్తం తిరగబడింది. ఒకటో నంబర్‌లో ఉండాల్సిన ఎర్ర వైరు ఎనిమిదిలో ఉంది. ఇది పెడితే గింబల్ కాలిపోతుంది."

"బొమ్మనే తిరగవడ్డది సార్," అంది మజీదక్క.

"అమ్మా, ఇది హెడ్డాఫీసు నుంచి వచ్చింది. దీని ప్రకారం చేసిన కేబుల్ లేకపోతే ఈ రోజు చూడటం కుదరదు." నా వైపు తిరిగాడు. "దేవేందర్, బొమ్మ ప్రకారం చేసిందేమైనా ఉందా?"

లేదు అని ఉంటే ఎంత బాగుండేది! నా చెయ్యి నన్నడక్కుండానే జేబులోకి పోయింది. కేబుల్ తీసి జైపాల్ చేతిలో పెట్టాను. మజీదక్క నన్ను చూసింది. నాలుగు తిట్టినా బాగుండు అనిపించింది.

జైపాల్ రంగులు సరిచూసి, "ఆఁ, ఇది కరెక్ట్" అంటూ ఒక కొస డ్రోన్‌కు తగిలించాడు. రెండో కొస గింబల్ వైపు తీసుకుపోతుంటే మజీదక్క ముందుకొచ్చి గింబల్ ప్లగ్గును అరచేత్తో మూసేసింది.

"సార్, ఒక్క నిమిషం. మీటర్ పెట్టినంక మీ ఇష్టం. కాలితే మళ్ల తీస్కరాలేం."

"అమ్మా, చెయ్యి తియ్యండి."

"తియ్య సార్."

గొంతు పెంచలేదు. బతిమాలలేదు కూడా. ఒకప్పుడు అనుమానమొచ్చి కూడా నోరు మూసుకుని మూడు వందల కట్టలు చేసిన మనిషి ఈమేనా అనిపించింది. జైపాల్ ఆమెను ఒక క్షణం చూసి, సరే అన్నాడు.

ఆమె మీటరు తీసి ఆయన చేతికే ఇచ్చింది. "నేను పెడితే నేనేదో చేసిన్నంటరు. మీరే సూడుండ్రి. ముందుగాల గింబల్." మీటరు ఒక కొనను గింబల్ ఇనుప ఒంటికి ఆనించమంది, ఇంకో కొనతో రంధ్రాలు ఒక్కొక్కటే తాకమంది. ఒక రంధ్రం దగ్గర మీటరు బీప్‌మంది. "గది భూమి. కరెంటు వాపస్ పోయే తొవ్వ. గాడ కరెంటు రావద్దు. యాదికి పెట్టుకోండ్రి."

తర్వాత నన్ను డ్రోన్ ఆన్ చేయమంది. గాలిలో వేలాడుతున్న నా కేబుల్ కొసకు జైపాల్‌తో మీటరు పెట్టించింది. సరిగ్గా ఆ భూమి రంధ్రంలోకి పోవలసిన చోటనే పన్నెండు వోల్టులు చూపించింది.

జైపాల్ మళ్లీ పెట్టాడు. మళ్లీ పన్నెండే. మూడోసారి పెట్టలేదు. మీటరును, ఫోనులో బొమ్మను, ప్లగ్గును మార్చి మార్చి చూశాడు. ప్లగ్గును మూతి వైపు తిప్పాడు, వీపు వైపు తిప్పాడు. "అబ్బా!" అన్నాడు మెల్లగా. ఇంకొక్క అంగుళం దూరంలో నా ఏడాది పని, ఆ గింబల్ రెండూ కలిసి కాలిపోయేవి. కాల్చేది నా చేతి కేబులే.

డ్రోన్ ఆఫ్ చేసి, నా కేబుల్ ఊడదీసి, మజీదక్క కేబుల్ తగిలించారు. దానికీ మీటరు పెట్టాకే గింబల్‌కు కలపనిచ్చింది. ఆన్ చేయగానే గింబల్ ఒకసారి జలదరించి, తలెత్తి, కెమెరాను తిన్నగా నిలబెట్టింది. ఎగరేశాను. గోదాము పైకప్పు మొత్తం తెర మీద నల్లగా కనిపించింది, నడుమ ఒక పలక మాత్రం తెల్లగా మండుతోంది. "అదిగో, అదే పాడైంది" అన్నాడు జైపాల్ సంతోషంగా. తెర మీది దృశ్యం ఇసుమంత కూడా వణకలేదు. దిగాక నా చెయ్యి పట్టుకుని ఊపాడు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

నేను మజీదక్క దగ్గరికి పోయాను. "అక్కా, తప్పయింది," అన్నాను.

ఆమె సంచిలోంచి కట్టర్ తీసి నాకిచ్చింది. "కొయ్యి."

నా కేబుల్‌ను నేనే రెండు ముక్కలు చేశాను. "సోల్డరింగ్ అయితే మంచిగనే చేసినవ్ రా," అంది ముక్కలను చూస్తూ. తిట్లకు సిద్ధపడి ఉన్నాను కానీ ఆ మెచ్చుకోలుకు లేను. కళ్లలో నీళ్లొచ్చాయి, ఎండకు అన్నట్టు తుడుచుకున్నాను.

ఇంతలో జైపాల్ ఫోనులో హెడ్డాఫీసుతో మాట్లాడి వచ్చాడు. "మేడం, మా పైలట్లు ఇంకా చాలామంది ఉన్నారు. అందరికీ కేబుళ్లు మీరే చేయాలి. సరైన బొమ్మ కూడా మీరే గీసివ్వండి. పాతది తీసేస్తాం." పొద్దున అమ్మా అన్న మనిషి ఇప్పుడు మేడం అంటున్నాడు. నేను అది గమనించాను. ఆమె గమనించిందో లేదో.

సిరాజుద్దీన్ ఆటో సీటు మీద కాగితం పెట్టుకుని ఆమె ప్లగ్గు బొమ్మ గీసింది. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, వైర్లు ఎక్కే వైపు నుంచి చూసిన బొమ్మ అని రాసింది. రంధ్రాలకు నంబర్లు వేసింది, రంగులు రాసింది. అడుగున, ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ రెండు గళ్లు గీసింది. గీసినవారు అన్న గడిలో మజీదా అని రాసింది. రెండో గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. సిరాజుద్దీన్ ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు. చేసినవారు అన్న గడిలోనూ నిదానంగా, మొదటిదానికంటే కొంచెం లావుగా, మజీదా అనే రాసింది.

ఆ కాగితం జైపాల్ చేతికిస్తూ, "మీటర్ పెట్టకుంట మాత్రం నా బొమ్మను గూడ నమ్మకుండ్రి సార్," అంది.