మోచేతుల్ని పలకరించే డాక్టరు

ఆ చర్మవ్యాధుల డాక్టరుగారికి మనుషుల మొహాలు నిజంగానే గుర్తుండేవి కావా, లేక గుర్తులేనట్టు నటించేవాడా? ఇన్నేళ్ళయినా తేలలేదు. ఎవరు నమస్కారం పెట్టినా ఆయన చూపు మోచేతి దగ్గరే ఆగేది. "పోల్చుకోలేకపోయాను, కాస్త చెయ్యి తిప్పండి... ఓహో, మీరా!" అనేవాడు.

ఒకసారి బ్యాంకు వరసలో నిలబడ్డ పెద్దమనిషిని పట్టుకుని, "గుండ్రంగా, అంచు మాత్రం ఎర్రగా ఉబ్బి, మధ్యలో మామూలుగా ఉండే తామర మీదే కదూ! కులాసానా?" అన్నాడు. కులాసా తనదో తామరదో తేల్చుకోలేక ఆ పెద్దమనిషి వరస వదిలి వెళ్ళిపోయాడు.

"ఇన్నేళ్ళు కాపురం చేశారు, నా కళ్ళెలా ఉంటాయో చెప్పండి చూద్దాం," అంది ఇల్లాలు.

"ఆమధ్య నీ మణికట్టు మీద ఊదారంగు దద్దులు లేచాయే, అవి చెప్పనా? పైన చదునుగా, ఎంత ముచ్చటగా ఉండేవని!"

ఆవిడ మాట్లాడడం మానేసింది. ఆయన గమనించలేదు.

డాక్టరుగారి వీధిలో ఒక సెలూను ఉండేది. కొట్టు బావది, కత్తెర బావమరిదిది. బావమరిది మోచేతుల మీద దళసరిగా మచ్చలు లేచి, తెల్లపొట్టు రాలడం మొదలైంది. క్షౌరం చేసేవాడి మోచెయ్యి ఎక్కడుంటుంది? కూర్చున్నవాడి ముక్కు ముందు! ఒక గుమాస్తా దాన్ని అద్దంలో చూసి సగం గడ్డంతో లేచాడు. "మిగతాది ఇంట్లో గీసుకుంటాలే."

మాట పాకింది. గుమ్మం దాకా వచ్చినవాళ్ళు వెనక్కి తిరుగుతున్నారు.

"ఏమనుకోకురా, సోమవారం నుంచి రాకు," అన్నాడు బావ. కత్తెర తప్ప మరో పని చేతకాని బావమరిది తలూపాడు.

అప్పుడే వీధిలో పోతూ అద్దాల్లోంచి ఆ మోచెయ్యి చూసి డాక్టరుగారు దూసుకొచ్చాడు. "ఆహా! సరిగ్గా మోచేతి మొన మీదే! గీసినట్టు అంచు, పైన వెండిపొట్టు! సోరియాసిస్!"

"కాస్త మెల్లిగానండీ," అన్నాడు బావమరిది, సిగ్గుతో చచ్చిపోతూ.

"ఏం, దొంగసొత్తా? ఇది అంటదయ్యా! ముట్టుకున్నా అంటదు, రుద్దుకున్నా అంటదు!" వీధి చివరిదాకా వినపడేలా అరిచి కుర్చీలో కూర్చున్నాడు. "చొక్కా చేతులు మడిచి క్షౌరం చెయ్యి."

ఆయనది నున్నటి బట్టతల.

"ఏం కత్తిరించమంటారండీ?"

"వెతుకు. దొరికింది కత్తిరించు."

రోజూ వచ్చేవాడు. ఆ మోచెయ్యి బుర్రకి రాసుకుంటుంటే, వంతు కోసం బల్ల మీద కూర్చున్నవాళ్ళకి అది అంటదని పాఠం చెప్పేవాడు. బావ సోమవారం మాట మళ్ళీ ఎత్తలేదు.

మందుకోసం బావమరిది ఆయన గదికి వెళ్ళాడు. తలుపు మూశాక డాక్టరుగారి గొంతు ఎంత తగ్గిందంటే, కుర్చీ ముందుకి జరుపుకోవాల్సొచ్చింది. ఆయన తిన్నగా మొహంలోకి చూస్తున్నాడు!

"తగ్గుతుంది. మళ్ళీ లేచినా బెంబేలుపడకు. నిద్ర పట్టడం లేదా? కళ్ళు గుంటలు పడ్డాయి."

"వీధిలో మరి అంత గొంతెందుకండీ?"

"జబ్బు నీది, నీకు మందిస్తున్నాను. భయం వీధిది కదయ్యా."

ఒకరోజు పొద్దున సెలూను నిండిపోయింది. గుమాస్తా తిరిగొచ్చాడు. చెంప పక్కనే మోచెయ్యి ఆడుతుంటే, ఇంటద్దె గురించి ఏకరువు పెడుతున్నాడు. డాక్టరుగారు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"రండి, క్షణంలో ఖాళీ అవుతుంది!" అన్నాడు బావ.

ఆయన కుర్చీకేసి చూశాడు, బట్టతల ఒకసారి నిమురుకున్నాడు.

"ఆయనకి క్షౌరమేంటయ్యా?" అన్నాడు గుమాస్తా.

బావమరిది నవ్వాపుకుంటూ తిరిగి చూసేసరికి గుమ్మం ఖాళీ.