ఓబులేసు డ్యాన్స్ చేయించిన ఆదివారాలు

నిన్న పొద్దున బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. ఓబులేసు తమ్ముడు రామాంజి.

"అన్నా, మా అన్న పోయినాడు."

ఏ అన్న అని అడిగాను. వాడికి ఉన్నది ఒక్క అన్నే. అయినా అడిగాను.

ధర్మవరంలో రోడ్డు దాటుతుంటే లారీ గుద్దిందట. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడట. ఓబులేసుకు రెండేళ్లుగా చెవులు వినబడవు.

మీలో చాలామందికి వాడి అసలు పేరు కూడా తెలియదు. బెంగళూరు పార్టీల్లో అందరికీ "డీజే ఓబీ". పోస్టర్ ఉండదు, టికెట్ ఉండదు. ఊరి బయట ద్రాక్షతోటలో ఒక రేకుల షెడ్డు, ఆదివారం మధ్యాహ్నం. ఫ్రెండ్ చెబితే ఫ్రెండ్ వచ్చేవాడు, అంతే.

2000 ప్రాంతంలో బెంగళూరులో మేము రూమ్మేట్స్. నాది కదిరి, వాడిది ధర్మవరం. నేను మెడికల్ రెప్, వాడు క్యాసెట్ షాపులో పని. ఎవరో ఫారిన్ నుంచి తెచ్చిన టెక్నో టేపులు, అంతా మెషిన్ బీటే, కాపీ చేసుకుని, అరిగిపోయేదాకా వినేవాడు.

"పాటే లేదు కదప్పా, ఏముండాది ఇందులో?" అని ఒకసారి అడిగాను.

"మా అమ్మ మగ్గం ఉండాదన్నా."

జోక్ అనుకున్నాను. కాదు.

పుట్టినప్పటి నుంచి వాడు నిద్ర లేచింది ఆ చప్పుడుకే. అది ఒకేలా ఉన్నట్టుంటుంది గానీ ఉండదు, అమ్మ అలిసిపోతే సాగుతుంది, కోపమొస్తే బిగుస్తుంది అనేవాడు. మెషిన్ బీట్‌లో కూడా ఆ అలుపు, ఆ కోపం వినబడాలని వాడి పిచ్చి.

ఇంకొకటి ఉరుములు. మా వైపు జాతరల్లో వాయించే డోళ్లు. పుల్లతో తోలును రుద్దితే మూలుగుతాయి. మగ్గాన్నీ, వీటినీ టేపులో పట్టుకొచ్చి బీట్‌లో కలిపేవాడు.

నేను చూసిన మొదటి షో ఆ మూలుగుతోనే మొదలైంది. చాలాసేపు బీటే లేదు. జనం గొణిగారు. ఒకడు "ఏదైనా మంచి పాట వెయ్" అని అరిచాడు కూడా. వీడు పట్టించుకోలేదు. మైకులో మాట్లాడడు, చేతులూపడు. జనం కాళ్ల వైపే చూస్తుంటాడు.

"మొగాలు అబద్దం చెప్తాయన్నా. కాళ్లు చెప్పవు."

మగ్గం ఎప్పుడు వచ్చి కలిసిందో, మూలుగు ఎప్పుడు తప్పుకుందో ఎవరికీ తెలియలేదు. సాయంత్రానికి షెడ్డులో ఊరికే నిలబడ్డవాడు లేడు. అక్క పెళ్లిలో కూడా కదలని నేను, చెప్పులు ఎక్కడ వదిలానో తెలియకుండా ఆడాను.

తర్వాత పర్మిషన్ లేదని పోలీసులొచ్చారు. షెడ్డుకు తాళం పడింది. వేరే చోట్లు వెతికాడు. అవీ పోయాయి.

అప్పటికే చెవుల్లో విజిల్ మోత. సౌండ్ మానేయమని డాక్టర్ చెప్పారు. వీడు మానలేదు. ఊరికి తిరిగొచ్చి పెళ్లి ఊరేగింపుల్లో సినిమా పాటలు వేశాడు. ఆఖరికి అదీ కుదరలేదు. ఏ పాట ఎక్కడుందో వాడికి వినబడితే కదా!

ఉగాదికి ముందు వాళ్లింటికి వెళ్లాను. స్పీకర్ మీద రెండు అరచేతులు పెట్టి కూర్చున్నాడు. ఏమైనా తెలుస్తోందా అని సైగ చేశాను.

"అదురుతాందన్నా. అదురు పాట కాదు గదా."

వాళ్లమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది.

"నా గొంతు గూడా మర్చిపోతాడేమో నాయనా," అంది నాతో.

టీ తాగి వచ్చేశాను.

నిన్న మట్టి వేసేటప్పుడు ఆ ఆదివారాల మనుషుల్లో నేనొక్కడినే ఉన్నాను. తప్పు పట్టను. ఎవరికి చెప్పాలో నాకే తెలియలేదు.

విషయం ఎలాగో తెలిసి రాత్రి నుంచి కొందరు మెసేజ్ చేస్తున్నారు, ఒక్క మిక్స్ ఉంటే పెట్టమని.

లేదు. వాడు ఎవరినీ రికార్డ్ చేయనిచ్చేవాడు కాదు. "ఆ పూట ఆడినోళ్లదే అన్నా అది. ఇంటికి కట్టుకపోయేది కాదు," అనేవాడు. అప్పుడు ఆ మాట నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఇప్పుడు వాడి ఫోటో ఒకటి పెట్టగలను. వాడెలా వాయించేవాడో మాత్రం ఎవరికీ వినిపించలేను.

పోయిరా ఓబులేసూ.
నిశ్శబ్దం నీకు బతికుండగానే చాలా అయింది.
శాంతి వేరే. అదైనా నీకు దొరకాలి.