చుట్టాలకే శుభలేఖ

మా ఊరి చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు, పెళ్ళి విస్తట్లో ఉంది. బియ్యం రైతుల వీధి నుంచి వస్తాయి. అరటిగెలలు రావులపాలెంలో వ్యాపారం చేసే సాయిబుగారింటి నుంచి, నెయ్యి శెట్టిగారి కొట్టు నుంచి. తాతల నాడు అరవదేశం నుంచి వచ్చిన దర్జీవారు సాంబారు కాస్తారు. పులిహోర మాత్రం చర్చి వీధి వాళ్ళే కలపాలి, ఆ పులుపు మా చేతికి రాదు గాక రాదు.

ఊళ్ళోవాళ్ళకి మేం శుభలేఖలివ్వం. ఇస్తే తిట్టినట్టే! "ఈసారి మీ వంతు ఏంటండి?" అని అడుగుతాం, అదే పిలుపు. శుభలేఖలు చుట్టాలకి.

మా అమ్మాయి పెళ్ళి పనులకి పాలకొల్లు నుంచి వచ్చిన మా తమ్ముడికి ఇదేం తెలుసు? రొయ్యల చెరువుల మీద పనిచేసే బెంగాలీ కుటుంబానికి పసుపు రాసి మరీ శుభలేఖ ఇచ్చొచ్చాడు, మహానుభావుడు.

సాయంత్రం ఆ ఇల్లాలు శుభలేఖ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. వచ్చిన నాలుగేళ్ళలో మా మర్యాద ఎంత వంటబట్టించుకుందంటే, గేదెని కూడా 'గారు' అంటుంది. అలాంటి నవ్వుల మనిషి మొహంలో ఆరోజు నవ్వు లేదు.

"మేం చుట్టాలమా అండి?" అంది. కళ్ళనిండా నీళ్ళు. "మా బాబు ఇక్కడే పుట్టాడు కదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకెవడిచ్చాడ్రా పెత్తనం?" అని తమ్ముడి మీద లేచాను. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న మా అత్తగారు చెయ్యి చాపారు.

"ఆ శుభలేఖ ఇలా తే. నీ వంతు ఏం చేస్తావే అమ్మాయ్?"

"రసగుల్లా అండి!" ఆ పిల్ల ఎన్నాళ్ళ నుంచో అనుకుని ఉంచుకున్నట్టుంది. "పాలు విరగ్గొట్టి చేస్తానండి."

పెళ్ళి వంటల మాటకని వచ్చిన ఆడవాళ్ళంతా గతుక్కుమన్నారు. పెళ్ళింట పాలు విరగడమా, హవ్వ! సాయిబుగారి భార్య బుగ్గలు నొక్కుకుంది. చర్చి వీధి పెద్దావిడ గుండెమీద చెయ్యేసుకుంది. శకునాల దగ్గర మా ఊరంతా ఒకటే మతం. పాపం, ఆ పిల్ల మొహం మళ్ళీ వాడిపోయింది.

మా అత్తగారు పిక్క విసిరేసి అన్నారు: "వాటంతటవి విరిగితే అపశకునం. కావాలని విరగ్గొడితే వంట. కానియ్యవే!"

మొదటి బంతికే సగం రసగుల్లాలు ఖాళీ. రామచంద్రపురం నుంచి వచ్చిన మగపెళ్ళివారి పెద్దాయన ఒకటి తిని, ఇంకోటి తిని, వడ్డిస్తున్న ఆ ఇల్లాలి వైపు తలెత్తి చూశారు.

"ఏ ఊరమ్మా మీది?"

"ఈ ఊరేనండి," అంది ఆవిడ, గరిటె నిండా తీస్తూ. "చుట్టాలు మీరు. మొహమాటపడకండి, ఇంకోటి వేయించుకోండి."