అమ్మ అలక తీర్చిన సైరన్

మాది విశాఖలో సముద్రం ఒడ్డునే ఇల్లు. డిగ్రీలో ఉండగా ఏదో పాట డౌన్‌లోడ్ చేస్తే నా కంప్యూటర్‌లో యాడ్‌వేర్ అనే ప్రకటనల వైరస్ దూరింది. ఆన్ చేస్తే చాలు, తెరంతా ఎర్రగా మెరుస్తూ ఒకటే సైరన్ మోత!

అది దూరిన రోజే నాన్న చేపల వేటకెళ్లాడు. ఏదో మాటకు అలిగి అమ్మ కొన్నాళ్లుగా ఆయనతో మాట్లాడటం లేదు. ఆ సైరన్ వినగానే తుఫాను హెచ్చరికనుకుని ఒడ్డుకు పరిగెత్తింది. అది ఉత్త యాడ్ అని నేను అరుస్తున్నా వినిపించుకోలేదు. నాన్న బోటు దిగగానే చొక్కా పట్టుకుని, "నువ్వొత్తావో రావో అని నా పేనం పోయిందయ్యా!" అంటూ భోరుమంది.

సాయంత్రం నేను యాడ్‌వేర్ తీసేస్తుంటే నాన్న మెల్లగా వచ్చి, "తీసీకమ్మా, మీ అమ్మ మాటాడింది దాని వల్లే కదేటి?" అన్నాడు.

తీసేశాననుకోండి. కానీ ఇప్పటికీ అమ్మ అలిగిందంటే, నాన్న నా కంప్యూటర్ వంక ఆశగా చూస్తాడు.